ముందు సాన చూడండి, ఆ తర్వాతే సర్టిఫికెట్

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడేకొద్దీ ఈ శీర్షికకు వజ్రాల ప్రశ్నలే ఎక్కువ వస్తున్నాయి. అందుకే ఈ నెల అన్నీ అవే తీసుకున్నాను. ఒకే రకం ప్రశ్న నలుగురైదుగురు అడిగితే అందులో ఒకరి ఉత్తరమే వేశాను, మిగతావాళ్లు తమకే చెప్పినట్టు అనుకోండి.

మా అమ్మాయి నిశ్చితార్థానికి ఒంటి రాయి ఉంగరం చేయిద్దామని రెండు షాపులు తిరిగాం. ఒక చోట 40 సెంట్ల రాయి, డి కలర్, వీవీఎస్1 చూపించారు. రెండో చోట 50 సెంట్లు, జి కలర్, వీఎస్2. ధర ఇంచుమించు ఒకటే. మా ఆయన మొదటిదే మేలంటున్నారు. నాకేమో రెండోదే బాగా మెరిసినట్టు అనిపించింది. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

మీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. సాన ఎలా ఉందో రాయలేదు. రెండు షాపుల్లోనూ ఎవరూ చెప్పి ఉండరు, మీరూ అడిగి ఉండరు. మన దగ్గర వజ్రం మాట ఎత్తగానే వీవీఎస్ అనే స్వచ్ఛత గ్రేడే ముందు నోట్లోంచి వస్తుంది. నేను ఇరవై ఏళ్లకు పైగా రాళ్లు చూస్తున్నాను, ముందు సాన, తర్వాతే మిగతావి అని ఎన్నిసార్లయినా చెబుతాను.

వజ్రానికి నాలుగు కొలతలు: బరువు (వంద సెంట్లు ఒక క్యారెట్), రంగు, స్వచ్ఛత, కట్. రంగూ స్వచ్ఛతా రాయి భూమిలోంచే తెచ్చుకుంటుంది. కట్ పూర్తిగా మనిషి చేతి పని, దాన్నే మన పెద్దవాళ్లు సానబట్టడం అన్నారు. గుండ్రటి రాయికి 57 ముఖాలు ఉంటాయి, అడుగు మొనను కూడా కాస్త చదును చేస్తే 58. పైనుంచి పడిన వెలుగు అడుగు ముఖాలకు తగిలి, అటు నుంచి ఇటు మళ్లి, తిరిగి పైకి మన కంట్లోకి రావాలి. కోణాలు కుదిరితేనే అది జరుగుతుంది. ఆ కోణాల లెక్కను మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఆయన 1919లో గణితంతో వేసి చూపించారు, ఇవాళ షాపుల్లో మనం చూసే గుండ్రటి కట్‌కు ఆ లెక్కే ఆధారం. అడుగు భాగం మరీ లోతుగా ఉంటే వెలుగు కిందనుంచే జారిపోయి రాయి నడుమ మేకు తల పెట్టినట్టు నల్లగా కనిపిస్తుంది. మరీ పలచగా ఉంటే లోపల చేప కన్నులా ఒక బూడిదరంగు వలయం తేలుతుంది. డి కలర్ కానివ్వండి, వీవీఎస్1 కానివ్వండి, అలా సానబట్టిన రాయి చప్పగానే ఉంటుంది.

కోహినూర్ సంగతే చూడండి. మన కృష్ణా ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే రాయి అది. 1851లో లండన్‌లో పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు దాన్ని చూడటానికి జనం విరగబడ్డారు, చూసి ఇదేనా అని పెదవి విరిచారు. అప్పటి లెక్కలో అది 186 క్యారెట్లు, అంత బరువున్నా మెరుపు లేదు. మరుసటి ఏడాది మళ్లీ సానబట్టించారు. ఇప్పుడు దాని బరువు 105.6 క్యారెట్లు. దాదాపు సగం బరువు పోగొట్టుకున్నా ఫర్వాలేదనుకున్నారంటే మెరుపు విలువ ఏమిటో అర్థం చేసుకోవచ్చు. మనవాళ్ల పాత సాన తక్కువదని కాదు నేను చెప్పేది, ఇక్కడ బరువు పోకుండా కాపాడటానికే విలువ ఎక్కువ ఇచ్చేవాళ్లు, అక్కడ వెలుగుకు ఇచ్చారు.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకు సొంత కారణం కూడా ఉంది. మా చెల్లి పెళ్లికి కొన్న ఉంగరం, నేనింకా ఈ పనిలోకి రాని రోజులవి. షాపులో పైనుంచి పడే లైట్ల కింద నిప్పురవ్వలా ఉంది. కాగితం మీద స్వచ్ఛత, రంగు రెండూ మంచివే. మర్నాడు పొద్దున చెల్లి వరండాలో కూర్చుని మల్లెపూలు కడుతుంటే చూశాను, రాయి నడిమధ్య ఆవగింజంత నల్లటి నీడ. వేలు ఎటు తిప్పినా ఆ నీడ కదల్లేదు. తిరిగి తీసుకెళ్తే కాగితంలో తప్పేం లేదు కదా అన్నారు. నిజంగానే తప్పు లేదు, ఆ కాగితంలో కట్ గురించి ఒక్క ముక్క కూడా లేదు.

కాబట్టి మీరు ఇంకోసారి రెండు షాపులకూ వెళ్లండి. రాయిని గుమ్మం దగ్గరికి తీసుకొచ్చి, ఎండ నేరుగా తగలని చోట, మామూలు పగటి వెలుతురులో చూపించమనండి. మనిషిని తోడు పంపి అయినా చూపిస్తారు, మొహమాటపడకండి. మీ అరచేతి నీడలో పెట్టి కూడా చూడండి, మంచి సాన ఉన్న రాయి ఆ నీడలోనూ బతికే ఉంటుంది. తర్వాత సర్టిఫికెట్‌లో కట్, పాలిష్, సిమెట్రీ అనే మూడు మాటల ఎదురుగా ఏం రాసిందో చూడండి. గుండ్రటి రాయికి మూడూ ఎక్సలెంట్ ఉంటే మంచిది, వెరీ గుడ్ దాకా దిగొచ్చు, గుడ్ అని ఉంటే మాత్రం ఆలోచించండి. డెప్త్ (రాయి లోతు) అని ఉన్నచోట సుమారు 59 నుంచి 62.5 శాతం, టేబుల్ (పైన చదునుగా ఉండే పెద్ద ముఖం) అని ఉన్నచోట 54 నుంచి 60 శాతం మధ్య ఉంటే రాయి దారిలోనే ఉన్నట్టు. ఇంకో సులువైన పరీక్ష వ్యాసం. సరిగ్గా సానబట్టిన 50 సెంట్ల గుండ్రటి రాయి అడ్డంగా 5.1 మిల్లీమీటర్లు ఉండాలి. 4.8 మాత్రమే ఉంటే బరువంతా పొట్టలో దాచారన్నమాట, 50 సెంట్లకు డబ్బు కడతారు, పైకి కనిపించేది మాత్రం 40 సెంట్ల రాయికి కాస్త పెద్దది.

ఇక మీ ఆయన చెప్పే వీవీఎస్ సంగతి. స్వచ్ఛతను పది రెట్లు పెద్దగా చూపించే అద్దంతో చూసి నిర్ణయిస్తారు. ఏ మరకా లేని ఎఫ్‌ఎల్ దగ్గర మొదలై ఐఎఫ్, వీవీఎస్, వీఎస్, ఎస్‌ఐ మీదుగా కంటికే కనిపించే మచ్చలున్న ఐ3 దాకా మొత్తం 11 మెట్లు. వీవీఎస్1కీ వీఎస్2కీ తేడా పట్టడానికి అలవాటు పడిన వాళ్లకైనా అద్దం కావాలి, చేతికున్న ఉంగరంలో మీకూ నాకూ కూడా ఆ తేడా కనపడదు. రంగు కూడా అంతే. డి, ఇ, ఎఫ్ అనేవి పూర్తిగా రంగు లేనివి, జి నుంచి జె దాకా దాదాపు రంగు లేనివి. ఎలా చూస్తారంటే, తెల్ల కార్డును మధ్యకి మడిచి ఆ మడతలో రాయిని బోర్లా పెట్టి పక్కనుంచి చూస్తారు. పైనుంచి చూస్తే మెరుపు అడ్డొచ్చి లేత పసుపు తెలియదు. మీరు పసుపు బంగారంలో చేయిస్తున్నారంటే జి ఏమిటి, హెచ్, ఐ కూడా తెల్లగానే కనిపిస్తాయి, బంగారం రంగే రాయిలోకి పడుతుంది కాబట్టి డి కలర్‌కి కట్టిన డబ్బు అక్కడే కలిసిపోతుంది. ప్లాటినంలోనో వైట్ గోల్డ్‌లోనో అయితే జి దగ్గర ఆగండి.

అన్నీ చూశాక రెండో రాయి కట్ ఎక్సలెంట్ అయితే కళ్లు మూసుకుని అదే తీసుకోండి. మీ ఆయనకు ఈ పేజీ చూపించండి.

వజ్రాల లాకెట్ కొన్నాం. బిల్లులో గ్రాస్ వెయిట్, నెట్ వెయిట్, స్టోన్ వెయిట్ అని మూడు రాశారు, ఏమీ అర్థం కాలేదు. హాల్‌మార్క్ ఉంది కాబట్టి వజ్రాలకూ గ్యారంటీ ఉన్నట్టేనా?
– ఒక ఉపాధ్యాయుడు, వరంగల్

లేదండీ. హాల్‌మార్క్ బంగారానికి మాత్రమే. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ నంబరు లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదన్నారు, అది మంచిదే, కానీ ఆ నంబరు చెప్పేది మీ లాకెట్‌లోని బంగారం స్వచ్ఛత గురించి. రాళ్ల గురించి అది ఒక్క మాట కూడా చెప్పదు. పైగా వజ్రాల నగలు ఎక్కువగా 18 లేదా 14 క్యారెట్ల బంగారంలో చేస్తారు, 22లో బంగారం మెత్తగా ఉండి రాయిని గట్టిగా పట్టదు. కాబట్టి మీ నగ మీద 750 అని ఉంటే 18 క్యారెట్లు, 585 అని ఉంటే 14. బంగారం ధర వేసేటప్పుడు 22 క్యారెట్ల రేటు వేశారేమో ఒకసారి చూసుకోండి.

బరువుల లెక్క ఇలా చూడండి. నగ మొత్తం 8 గ్రాములు తూగింది అనుకుందాం, అది గ్రాస్. అందులో వజ్రాలు 1.25 క్యారెట్లు. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అయిదు క్యారెట్లు కలిస్తే ఒక గ్రాము. అంటే రాళ్ల బరువు పావు గ్రాము. 8లోంచి 0.25 తీసేస్తే 7.75 గ్రాములు, అది నెట్, బంగారం డబ్బు దానికే కట్టాలి. రాళ్ల బరువును బంగారం రేటులోనూ, వజ్రాల రేటులోనూ రెండుసార్లు లెక్కకట్టిన బిల్లులు నేను చూశాను. మీ బిల్లులో నెట్‌కే రేటు వేశారో లేదో కాలిక్యులేటర్ పట్టుకుని ఒక్కసారి గుణించుకోండి. మజూరీని కూడా బంగారం మీద వేశారా, వజ్రాల ఖరీదు కలిపి మొత్తం మీద శాతం వేశారా అన్నది అడగండి, రెండో పద్ధతిలో వేల రూపాయలు తేడా వస్తాయి.

వజ్రాల కోసం వేరే కాగితం ఉండాలి. అందులో ఎన్ని రాళ్లు, మొత్తం ఎన్ని క్యారెట్లు, రంగు, స్వచ్ఛత, గని వజ్రమా ల్యాబ్‌లో పెంచిన వజ్రమా అన్నవన్నీ రాసి ఉండాలి. నగలో బిగించేసిన రాయికి కచ్చితమైన గ్రేడు ఇవ్వడం కుదరదు, కొంత భాగం బంగారం కింద ఉండిపోతుంది, అందుకే అలాంటి కాగితాల్లో ఇ-ఎఫ్, వీవీఎస్-వీఎస్ అని రెండేసి మెట్లు కలిపి రాస్తారు. చిన్న రాళ్లకు అది చాలు. ఒంటి రాయి పెద్దది కొంటే మాత్రం బిగించకముందే పరీక్షించే ల్యాబ్‌లో చూపించిన రాయిని అడగండి. అన్ని ల్యాబ్‌లూ ఒకే చేత్తో గ్రేడ్లు వేయవు, ఒక చోట జి అన్నది ఇంకో చోట ఐ కావచ్చు, అందువల్ల రెండు రాళ్ల ధరలు పోల్చేటప్పుడు ఒకే ల్యాబ్ కాగితం ఉన్నవి పోల్చండి. రాయి నడుము చుట్టూ ఉండే సన్నటి అంచు మీద లేజర్‌తో సర్టిఫికెట్ నంబరు చెక్కి ఉంటే షాపులోని అద్దంతో చూపించమని, మీ కళ్లతో చదివి, ఆ నంబరును ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. రెండు నిమిషాల పని.

మా అమ్మమ్మ ఏడు రాళ్ల రవ్వల దుద్దులు నాకు ఇచ్చింది. బ్లూ జాగర్ రాళ్లు అని ఇంట్లో అందరూ గొప్పగా చెబుతారు. ఈమధ్య మబ్బు పట్టినట్టు ఉన్నాయి. ఎండలో నీలంగా కూడా కనిపిస్తాయి. నకిలీవా? మార్చేసి కొత్తవి తీసుకోమని షాపులో అంటున్నారు.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

మార్చకండి, కనీసం ఈ జవాబు చదివే దాకా.

జాగర్ అనే మాట దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటెయిన్ గని పేరులోంచి వచ్చింది. అక్కడి తెల్ల రాళ్లలో లేత నీలపు ఛాయ ఉండేది. 1893లో ఎక్సెల్సియర్ అనే 995 క్యారెట్ల ముడి వజ్రం దొరికింది కూడా అక్కడే. ఆ గని 1971లో మూతపడింది. కానీ మన దక్షిణాదిలో ఆ పేరు నిలిచిపోయి, నీలపు ఛాయతో తెల్లగా ఉన్న ఏ రాయినైనా బ్లూ జాగర్ అనడం అలవాటైంది. కాబట్టి అమ్మమ్మగారి రాళ్లు ఆ గనివేనని ఎవరూ తేల్చి చెప్పలేరు. అదొక గ్రేడు కూడా కాదు, ఎవరైనా ఆ పేరు చెప్పి కొత్త రాయికి ఎక్కువ ధర అడిగితే సర్టిఫికెట్‌లో రంగు ఏమిటో చూడండి.

ఎండలో నీలంగా కనపడటం నకిలీకి గుర్తు కాదు. దాన్ని ఫ్లోరసెన్స్ అంటారు. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు కొన్ని వజ్రాలు నీలంగా వెలుగుతాయి, నూటికి పాతిక నుంచి ముప్ఫై అయిదు రాళ్లలో ఎంతోకొంత ఈ గుణం ఉంటుంది. నోట్లు పరీక్షించే నీలి లైటు మీకు తెలిసిన కిరాణా షాపులోనో బ్యాంకులోనో ఉంటే దాని కింద దుద్దులు పెట్టి చూడండి. ఏడింటిలో కొన్ని గట్టిగా వెలుగుతాయి, కొన్ని అసలు వెలగవు, నిజమైన పాత రాళ్ల జతలో సాధారణంగా అలాగే ఉంటుంది. లేత పసుపు ఛాయ ఉన్న రాయికి ఈ నీలం తోడై ఇంకా తెల్లగా చూపిస్తుంది కూడా. బాగా ఎక్కువ ఫ్లోరసెన్స్ ఉన్న రాళ్లలో ఏ కొన్నో పాలపొర పట్టినట్టు ఉంటాయి, అవి తక్కువే.

మీ దుద్దుల మబ్బుకు కారణం ముప్పాతిక వంతు నూనె అయి ఉంటుంది. వజ్రానికి నీళ్లు అంటవు, జిడ్డు మాత్రం ఇట్టే అంటుకుంటుంది. ఆ గుణం ఆధారంగానే దక్షిణాఫ్రికా గనుల్లో రాళ్ల పిండిని నీళ్లతో కలిపి జిడ్డు పూసిన బల్లల మీదుగా పారించేవాళ్లు, మిగతావన్నీ కొట్టుకుపోయి వజ్రాలు మాత్రం బల్లకు అతుక్కునేవి. ఇక మనం తలకు కొబ్బరినూనె, మొహానికి పసుపు, సబ్బు, ఏళ్ల తరబడి అవే దుద్దులు. పాత దుద్దులు క్లోజ్డ్ సెట్టింగ్‌లో ఉంటాయి, రాయి వెనక మూత ఉంటుంది, సందులోంచి దూరిన జిడ్డు అక్కడే పేరుకుపోయి వెలుగును ఆపేస్తుంది. ఓపెన్ సెట్టింగ్ అయితే గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి, మెత్తటి పాత బ్రష్‌తో వెనకవైపు నుంచి రుద్దితే సరిపోతుంది. మీ దుద్దులకు మాత్రం ఆ పని ఇంట్లో చేయకండి. పాత పనివాళ్లు కొందరు రాయి వెనక మెరుపు రేకు పెట్టేవాళ్లు, నీళ్లు తగిలితే అది నల్లబడుతుంది. నమ్మకమైన కంసాలి దగ్గర, మీరు పక్కనే కూర్చుని ఉండగా, ఒక దుద్దు వెనక మూత తీయించి చూడండి. రాళ్లు లెక్కపెట్టి ఇవ్వండి, లెక్కపెట్టి తీసుకోండి. మళ్లీ సానబట్టిద్దామని ఎవరైనా అంటే వద్దనండి. అంత చిన్న రాళ్లకు పోయే బరువు ఎక్కువ, చేత్తో చేసిన ఆ పాత సాన మళ్లీ రాదు.

ఒక క్యారెట్ ఒంటి రాయి ధర విని భయపడ్డాం. అదే షాపులో చిన్న రాళ్లు కలిపి ఒక క్యారెట్ ఉన్న ఉంగరం అందులో చిన్న భాగం ధరకే ఉంది. మోసమా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

మోసం కాదు. వజ్రం ధర క్యారెట్‌కు ఇంత అని ఉంటుంది గానీ ఆ రేటే బరువుతో పాటు పెరుగుతుంది. పెద్ద రాయి దొరకడం అరుదు కదా. అర క్యారెట్, ఒక క్యారెట్ దగ్గరికి రాగానే రేటు మెట్టు ఎక్కినట్టు ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకని ఒకటి బదులు 92, 95 సెంట్ల రాయి అడగండి. ఒక క్యారెట్ రాయి అడ్డంగా 6.5 మిల్లీమీటర్లు, 92 సెంట్లది 6.2 పైనే, వేలికి పెట్టుకుంటే ఎవరికీ తెలియదు. బరువు రెట్టింపైతే సైజు కూడా రెట్టింపు కాదు, రెండు క్యారెట్ల రాయి 8 మిల్లీమీటర్లు దాటి కాస్తే ఉంటుంది. బంగారం క్యారెట్ వేరు, వజ్రం క్యారెట్ వేరు అన్నది కూడా గుర్తుపెట్టుకోండి, బంగారానికి అది స్వచ్ఛత, వజ్రానికి బరువు.

నేనూ నాకు కాబోయే ఆయనా డాలస్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. ఉంగరానికి ల్యాబ్ వజ్రం తీసుకుందామని ఇద్దరం అనుకున్నాం. హైదరాబాద్‌లో కాబోయే అత్తగారికి తెలిసి, నిశ్చితార్థానికి గాజు రాయి పెడతారా అని బాధపడుతున్నారు. ఆవిడకు ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, టెక్సాస్

ముందు ఆవిడ టెన్షన్ ఎక్కడ నుంచి వచ్చిందో చూద్దాం. మన ఇళ్లలో అమెరికన్ డైమండ్ అనే మాట ఎప్పటి నుంచో ఉంది. అది క్యూబిక్ జిర్కోనియా, వజ్రం కానే కాదు, అదే సైజు వజ్రం కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా బరువు తూగుతుంది, కొన్నేళ్లకు గీతలు పడి మసకబారుతుంది. మోయిసనైట్ ఇంకొకటి, అది సిలికాన్ కార్బైడ్, గట్టిదే గానీ అదీ వజ్రం కాదు. ల్యాబ్ వజ్రం ఈ రెండింటిలాంటిది కాదు. గనిలో దొరికిన దానిలాగే అది కూడా కార్బనే, అదే గట్టితనం, అదే మెరుపు, పుట్టుక ఒక్కటే వేరు. భూమి లోపల ఉండే ఒత్తిడినీ వేడినీ యంత్రంలో కల్పించి పెంచేది ఒక పద్ధతి, వాయువులోంచి కార్బన్‌ను పొర మీద పొరగా చిన్న వజ్రపు బిళ్ల మీద దించేది ఇంకో పద్ధతి. మన సూరత్‌లోనూ ఇవి తయారవుతున్నాయి. 2023 జూన్‌లో ప్రధాని మోదీ అమెరికా వెళ్లినప్పుడు అప్పటి అధ్యక్షుడి భార్య జిల్ బైడెన్‌కు కానుకగా ఇచ్చిన 7.5 క్యారెట్ల వజ్రం ల్యాబ్‌లో పెంచినదే. అత్తగారికి గాజు రాయి కాదని చెప్పడానికి ఇది పనికొస్తుంది.

ఇక ఆవిడ బాధలో నిజం ఉన్న భాగం ధర. ల్యాబ్ వజ్రాల ధరలు కొన్నేళ్లుగా పడుతూనే ఉన్నాయి, తయారీ పెరిగేకొద్దీ ఇంకా తగ్గొచ్చు, మళ్లీ అమ్మాలంటే కొనేవాళ్లు దొరకడం కష్టం. 2025లో వజ్రాలకు గ్రేడ్లు వేసే అమెరికా సంస్థ జీఐఏ, ల్యాబ్ రాళ్లకు గని వజ్రాల లాగా రంగు, స్వచ్ఛత గ్రేడ్లు ఇవ్వడం ఆపేసి ప్రీమియం, స్టాండర్డ్ అనే రెండు మాటలకు మారింది. అయితే గని వజ్రం కూడా బంగారంలా పెట్టుబడి కాదు, ఈ మాట షాపుల్లో ఎవరూ చెప్పరు. షాపులో కొన్న రాయిని మర్నాడే తిరిగి అమ్మబోతే పన్నూ మజూరీ పోగా రాయి ధరలోనూ కోత పడుతుంది. తిరిగి తీసుకునేటప్పుడు ఎంత శాతం ఇస్తారు, నగదుకా మార్పిడికా అన్నది ఏ రాయికైనా బిల్లు మీద రాయించుకోవాల్సిందే.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నా. రోజూ పెట్టుకోవడానికి, మీ డబ్బు ఇల్లుకో చదువుకో దాచుకోవాలనుకుంటే ల్యాబ్ రాయి తీసుకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఎక్సలెంట్ కట్ మాత్రం వదలకండి, ల్యాబ్ రాళ్లలో చప్ప సాన చాలా ఉంది. అత్తగారి దగ్గర దాచకుండా చెప్పేయండి. ఆవిడకు కూడబెట్టి పెట్టాలన్న ఆశ ఉంటే ఆ మిగిలిన డబ్బులో కొంతతో 22 క్యారెట్ల గాజులు చేయించమని మీరే అడగండి, బంధం కూడా బాగుంటుంది.

ఒక ముచ్చట కూడా చెప్పాలి. గని వజ్రాల్లో ఎక్కువ భాగం లోపల కాస్త నైట్రోజన్ ఉంటుంది. అది దాదాపు లేని టైప్ 2ఏ రాళ్లు నూటికి ఒకటో రెండో. ల్యాబ్ రాళ్లు చాలావరకు ఈ రకమే, అందుకే ల్యాబ్ రాళ్లను వేరు చేయడానికి షాపుల్లో పెట్టే జల్లెడ యంత్రాలు ఈ రకాన్ని చూడగానే పక్కన పెట్టి పరీక్షించే ల్యాబ్‌కు పంపమంటాయి. మన గోల్కొండ వజ్రాలకు లోకమంతా పేరొచ్చింది కూడా ఈ టైప్ 2ఏ స్వచ్ఛత వల్లే. అంటే కొల్లూరు రాయీ కొత్త ల్యాబ్ రాయీ ఆ యంత్రం దగ్గర ఒకే వరసలో నిలబడతాయి.

ముక్కుపుడక కోసం 7 సెంట్ల రాయి చూశాం. అద్దంలో లోపల చిన్న నల్లచుక్క కనిపించింది. మా నాయనమ్మ దోషమంటోంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

మన రత్నశాస్త్రాల్లోనూ బిందువు, రేఖ, కాకపదం అని వజ్రానికి దోషాలు చెప్పారు, అంటే చుక్క, గీత, కాకి కాలు ఆకారపు పగులు. ఇవాళ ల్యాబ్‌లు వెతికేవి కూడా అవే. నాయనమ్మగారి మనసుకు కష్టమైతే ఇంకో రాయి చూడండి, ఆ సైజులో మంచి రాళ్లు చాలా దొరుకుతాయి. నమ్మకం పక్కన పెడితే, చుక్క నడిమధ్య టేబుల్ కింద ఉంటేనే కంటికి తగులుతుంది, అంచున ఉంటే పట్టు కిందకి పోతుంది. నేను భయపడేది చుక్కకు కాదు, అంచు దాకా పాకిన పగులుకు. వజ్రం గీతలు పడదు గానీ దెబ్బకు చీలుతుంది, ముక్కుపుడకకు తువ్వాలు తగిలి లాగడం రోజూ ఉండేదే. పగులులో గాజు లాంటి పదార్థం నింపి అమ్మే రాళ్లు కూడా ఉన్నాయి, కంసాలి వేడి పెట్టగానే ఆ నింపినది పాడవుతుంది, అలాంటిదేమీ చేయలేదని బిల్లులో రాయించుకోండి.

తుగ్గలి దగ్గర మా చేలో తొలకరి తర్వాత ఒక మెరిసే రాయి దొరికింది. గాజు మీద గీస్తే గీత పడింది. వజ్రమేనా? సుత్తితో కొడితే తెలుస్తుందంటున్నారు.
– ఒక రైతు, కర్నూలు జిల్లా

సుత్తి మాత్రం ఎత్తకండి. వజ్రం పగలదన్నది చాలా పాత అపోహ, ఆ పరీక్షలో ముక్కలైన నిజమైన వజ్రాలు ఎన్నో. గాజు మీద గీత పడటం కూడా రుజువు కాదు, మీ చుట్టుపక్కల నేలలో దండిగా దొరికే పలుగురాయి కూడా గాజును గీస్తుంది. జొన్నగిరి, వజ్రకరూరు వైపు వానలు పడ్డాక రాళ్లు వెతికేవాళ్లకు దొరికేవాటిలో చాలావరకు అవే. ముడి వజ్రం తళతళా మెరవదు, సాన పట్టాకే ఆ మెరుపు. ముడిది నూనె రాసినట్టు నున్నగా, రెండు పిరమిడ్‌లు అడుగులు కలిపి అతికించినట్టు ఎనిమిది ముఖాలతో, అంచులు కాస్త అరిగి ఉంటుంది, అదే సైజు పలుగురాయి కన్నా చేతికి బరువుగా తగులుతుంది. పలుగు పలకలైతే ఆరు ముఖాల పట్టకంలా ఉంటుంది.

అమ్మే ముందు రత్నాలు పరీక్షించే ల్యాబ్‌లో చూపించి, బరువు క్యారెట్లలో రాయించి కాగితం తీసుకోండి. గట్టు మీదకే వచ్చి అక్కడికక్కడే నగదు ఇస్తామనేవాళ్లకు ఆ కాగితం లేకుండా రాయి చేతికివ్వకండి. అప్పటిదాకా దూదిలో చుట్టి విడిగా పెట్టండి, వేరే రాళ్లతో కలిపి డబ్బాలో వేస్తే అంచులు చితుకుతాయి. దొరికిన చోటు, తేదీ ఒక చీటీ మీద రాసి అందులోనే ఉంచండి.